కణుపు, లంకె, కూడలి

చాలా రోజుల తరవాత మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను. కంటి శుక్లాల ఆపరేషను ఒక కారణం, వయసుతో వచ్చిన బద్ధకం రెండవది. ఈ టపా రాయించినవాడు మాత్రం నా పాత విద్యార్థి ఒకడు. బోధన్ పక్కన నేను తెలుగు పండితుడిగా పనిచేసిన బడిలో 2009లో పదో తరగతి చదివాడు. ఇప్పుడు హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడు. దసరాకు ఇంటికి వచ్చి నన్ను చూడవచ్చాడు. ఏమి పరిశోధనరా అని అడిగితే "నెట్‌వర్క్ సైన్సు, సార్. కాంప్లెక్స్ సిస్టమ్స్" అన్నాడు. సెల్ ఫోను టవర్ల సంగతి కాబోలుననుకున్నాను. "టవర్లు కాదు సార్, ఏది దేనితోని కలిసున్నది, కలిసుంటే ఏమైతది, అన్న ముచ్చట" అన్నాడు.

వాడి ఇబ్బంది వేరు. నిజామాబాదులో ఒక డిగ్రీ కళాశాలవారు తెలుగులో ఉపన్యాసమివ్వమని పిలిచారట. ఇంగ్లీషులో గంటసేపు గడగడా చెప్పగలిగినవాడు తెలుగులో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. "నోడ్ అన్నదానికి ఏమనాలె సార్? ముడి అందామంటే చిక్కుముడి అనుకుంటరు. నిఘంటువుల 'పాతము' అని ఉన్నది. పాతమంటే పడిపోవుడు అనుకోరా పిల్లలు?"

అప్పుడు మేము గాంధీ చౌక్ దగ్గర చెరకు రసం బండి ముందు నిలబడి ఉన్నాం. బండివాడు కత్తితో గడ మీది కణుపులు గీకుతున్నాడు. "అదిగోరా నీ మాట, కణుపు" అన్నాను. వృక్షశాస్త్రం ఇంగ్లీషులో చెప్పేవారు చెరకు కణుపును అనేది ఆ నోడ్ అనే కదా! కన్ను ఉండేది కణుపు దగ్గరే, మొలక వచ్చేది అక్కడి నుంచే. మూడు కళ్ళ ముచ్చెలు కోసి నాటిన చెయ్యి వాళ్ళ నాయనది. వాడికి నేను వివరించనక్కరలేదు.

లింకుకు మాట వెదకనక్కరలేకపోయింది. మనం తెలుగులో బ్లాగులు రాయడం మొదలుపెట్టిన కొత్తలో అందరమూ వాడి వాడి అరగదీసిన 'లంకె' ఉండనే ఉంది. ఎన్నో లంకెలు వచ్చి చేరే పెద్ద కణుపును ఇంగ్లీషులో హబ్ అంటారట. నాలుగు దారులు కలిసే చోటుకు కూడలి అన్న మాట మనకు ఎప్పటినుంచో ఉన్నది. ఆ పేరుగల సంకలినిలో పొద్దున్నే ఎవరేమి రాశారో చూసుకున్న రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం వచ్చే ఉంటాయి. ఇక నెట్‌వర్కుకు, అంతర్జాలం నుంచి 'జాలం' తీసుకున్నాం. సంస్కృతంలో జాలమంటే వలయే కాదు, మాయ అని కూడా అర్థం ఉంది. (ఇంద్రజాలం అందుకే.) వాడి శాస్త్రానికి ఆ రెండో అర్థమూ కొంత తగులుతుందని తరవాత తెలిసింది.

మాటలు ఇచ్చినందుకు ప్రతిఫలంగా వాడు నాకు శాస్త్రం చెప్పాలన్నది ఒప్పందం. మూడు సాయంత్రాలు చెప్పాడు. విన్నది, ఆ తరవాత నేను చదువుకున్నది, మా బోధన్ చరిత్రతో కలిపి ఇక్కడ పెడుతున్నాను.

కథ ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ అనే ఊరితో మొదలవుతుంది. ఇప్పుడది రష్యాలోని కాలినిన్‌గ్రాడ్. ప్రెగెల్ నది ఊరిని నాలుగు ముక్కలు చేసింది, వాటిని ఏడు వంతెనలు కలిపాయి. ఏ వంతెననూ రెండుసార్లు దాటకుండా ఏడూ దాటి రాగలమా అన్నది ఊరివారి కాలక్షేపపు ప్రశ్న. 1735లో ఆయిలర్ అనే గణితవేత్త దానికి సమాధానం చెప్పాడు. నడకలో మధ్యన వచ్చే ఏ ముక్కలోకైనా ఒక వంతెన మీదుగా వస్తే మరో వంతెన మీదుగా పోవాలి. అంటే అక్కడ వంతెనలు జతలు జతలుగా ఉండాలి. బయలుదేరే చోటికీ ఆగే చోటికీ మాత్రమే ఆ నియమం నుంచి మినహాయింపు. కోనిగ్స్‌బర్గులో నాలుగు ముక్కలకూ బేసి సంఖ్యలోనే వంతెనలున్నాయి. కనుక ఆ నడక అసాధ్యం.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది జవాబు కాదు, ఆయన పారవేసినవి. నది లోతు, వంతెన పొడుగు, వీధుల వంకరలు, అన్నీ పోయి నాలుగు కణుపులు, ఏడు లంకెలు మిగిలాయి. మా వృత్తిలో ఇది కొత్త కాదు. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు మేము అర్థాన్ని, రసాన్ని పక్కన పెట్టి గురులఘువులు మాత్రమే చూస్తాం. అలా చూస్తేనే రెండు వేరువేరు పద్యాల నడక ఒకటేనని తెలుస్తుంది. ఛందశ్శాస్త్రం చదివినవాడికి జాలశాస్త్రం పరాయిది కాదని అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

ఆ తరవాత రెండు శతాబ్దాలు గణితవేత్తలు ఆ విద్యను సాగుచేసుకున్నారు. 1959–60 ప్రాంతంలో హంగరీ దేశస్థులు ఎర్డోష్, రేన్యీలు ఇద్దరూ ఒక వింత చూపించారు. అంగడికి వచ్చిన అపరిచితులను చీటీలు తీసి ఇద్దరిద్దరిని కలుపుతూ పోయారనుకోండి. చాలాసేపు చిన్న చిన్న గుంపులే ఉంటాయి. సగటున మనిషికి ఒక లంకె అన్న గీత దాటిందా, హఠాత్తుగా అంగడిలో ఒక పెద్ద గుంపు పుట్టుకొస్తుంది. ఈ 'హఠాత్తుగా' అన్న మాటను జ్ఞాపకం పెట్టుకోండి. పాలు తోడుకున్నట్టు నిదానంగా జరిగేది కాదది. సంక్లిష్ట వ్యవస్థలన్నిటికీ అదే లక్షణమని మావాడు అంటాడు. ఒక్కొక్క ముక్కను విడిగా చూస్తే కనిపించని గుణం, ముక్కలన్నీ కలిసినప్పుడు బయటపడుతుంది. 1972లో ఆండర్సన్ అనే భౌతికశాస్త్రవేత్త సంఖ్య పెరిగితే స్వభావమే మారుతుందని రాసిన వ్యాసం ఈ చూపుకు పునాది అయింది. 1984లో అమెరికాలోని శాంటా ఫేలో దీనికే ఒక సంస్థ వెలిసింది. 2021లో పరీసీ, మనాబె, హాసల్‌మాన్‌లకు ఇచ్చిన భౌతికశాస్త్ర నోబెలు సంక్లిష్ట వ్యవస్థల పరిశోధనకే.

లోకంలో ఎవరినైనా అయిదారుగురు పరిచయస్థుల గొలుసుతో చేరవచ్చునన్న ఊహ అందరికంటే ముందు వచ్చింది శాస్త్రవేత్తకు కాదు, కథకుడికి. 1929లో కరింతీ అనే హంగరీ రచయిత ఒక కథలో ఆ ఆట ఆడించాడు. (సాహిత్యపరుడిగా నాకు కొంచెం గర్వం.) 1967లో మిల్‌గ్రామ్ అమెరికాలో ఉత్తరాలతో దాన్ని పరీక్షించాడు. అలాంటి మరో ప్రయోగంలో 296 మందికి ఉత్తరాలిస్తే 64 మాత్రమే బోస్టను ప్రాంతంలోని గమ్యం చేరాయి. చేరినవి సుమారు అయిదారు చేతులు మారి చేరాయి. చేరని వాటి సంగతి జనం మరిచిపోయి, 'ఆరు మెట్లు' అన్న మాటే లోకంలో నిలిచింది.

1973లో గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రజ్ఞుడు చెప్పినది మా జిల్లావారికి వివరించనక్కరలేదు. ఉద్యోగం సంగతి చెప్పేవాడు ప్రాణస్నేహితుడు కాదు, ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయస్థుడు. మన స్నేహితుడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. దూరపువాడికే కొత్త సంగతి తెలుస్తుంది. ఆర్మూరు, కామారెడ్డి పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయినవారిని అడిగి చూడండి. పక్క ఊరివాడి బామ్మర్ది చెప్పిన కబురు మీద విమానమెక్కినవారు ఎందరో.

1998లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్ట్రొగాట్జ్, ఆయన శిష్యుడు వాట్స్ కలిసి దీనికి లెక్క కట్టారు. ఇరుగుపొరుగులతో మాత్రమే కలిసి ఉన్న జాలంలో నాలుగైదు లంకెలు దూరానికి మార్చి వేస్తే చాలు, లోకమంతా చిన్నదైపోతుంది. ఇరుగుపొరుగు బంధం మాత్రం చెడదు. ఒక పురుగు నాడీమండలం, అమెరికా పడమటి భాగపు కరెంటు తీగలు, సినిమా నటుల కలయికలు, మూడింటిలోనూ ఇదే కనిపించింది. మనదేశంలో కలకత్తా భౌతికశాస్త్రవేత్తలు పరోంగమా సేన్ మొదలైనవారు ఆరుగురు 2003లో మన రైళ్ళను ఇలాగే పరీక్షించారు. ఒకే బండి ఆగే రెండు స్టేషన్ల మధ్య లంకె ఉన్నట్టు లెక్క. 587 స్టేషన్లు, 579 బండ్లు తీసుకుని చూస్తే మన రైల్వే కూడా చిన్న లోకమేనని తేలింది. ఎక్కడినుంచి ఎక్కడికైనా కొద్దిపాటి బండ్లు మారితే చాలు.

వాట్స్ చెప్పిన దూరపు లంకె ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. కరీంనగరు అప్పట్లో మాకు పొరుగు జిల్లా. అయినా ఇక్కడినుంచి రైలులో పోవాలంటే సికింద్రాబాదు, కాజీపేటల మీదుగా చుట్టు తిరగవలసి వచ్చేది. 2017లో పెద్దపల్లి–నిజామాబాదు లైను పూర్తయింది. సుమారు 177 కిలోమీటర్ల పట్టాలు పడ్డాయి, రెండు ప్రాంతాల మధ్య దూరం మాయమైంది. దశాబ్దాలుగా పేపర్లో చదివి చదివి విసిగిన లైను అది.

1999లో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో బరాబాషీ, ఆయన విద్యార్థిని రేకా ఆల్బర్ట్ మరో సంగతి బయటపెట్టారు. అంతర్జాలపు పుటలకు ఉన్న లంకెలు లెక్కపెడితే, చాలా వాటికి ఒకటీ రెండూ, బహుకొద్ది వాటికి వేలూ లక్షలూ. ఎందుకు? కొత్తగా వచ్చినవాడు ఎవరితో లంకె వేసుకుంటాడు? అప్పటికే పదిమందికి తెలిసినవాడితోనే. మన ఇళ్ళలో ఆడవారు ఈ సూత్రాన్ని ఎప్పుడో చెప్పారు: ఉన్నమ్మా ఉన్నమ్మకే పెట్టె, లేనమ్మా ఉన్నమ్మకే పెట్టె. ఇలా కూడలులు పుడతాయన్నది వారి సిద్ధాంతం. నిజానికి యూల్ 1925లోనూ, ప్రైస్ 1976లోనూ ఇటువంటి లెక్కే చేశారు. కాని పేరు తరవాతివారికి దక్కింది, ఆ సూత్రాన్నే రుజువు చేస్తున్నట్టు. పొగడ్తలు మితిమీరాక 2019లో బ్రోయిడో, క్లౌసెట్ ఇద్దరూ వెయ్యికి దగ్గరగా జాలాలను తీసి పరీక్షించారు. ఆ సూత్రానికి గట్టి సాక్ష్యం నూటికి నాలుగింటిలోనే దొరికిందన్నారు. కూడలులు లేవని వారు అనలేదు. అన్ని జాలాలూ ఒకే సూత్రానికి లొంగుతాయనడం మాత్రం తొందరపాటని తేల్చారు.

ఇక్కడ మనవాడి ప్రస్తావన ఒకటి. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి అమెరికాలో పెన్ స్టేట్‌లో ఆచార్యులైన సౌందర్ కుమార, ఉషానందిని రాఘవన్, పైన చెప్పిన రేకా ఆల్బర్ట్‌లతో కలిసి 2007లో ఒక పద్ధతి ప్రకటించారు. పెద్ద జాలంలో ఏయే కణుపులు ఒక గుంపో తెలుసుకోవడమెలా? ప్రతి కణుపుకూ మొదట ఒక పేరు పెట్టు. తరవాత ప్రతి కణుపూ తన పొరుగువారిలో ఎక్కువమందికి ఉన్న పేరు తీసుకోవాలి. ఇలా కొన్నిసార్లు తిప్పితే గుంపులు వాటంతట అవే తేలుతాయి. మావాడు ఇది చెప్పగానే నాకు నా తరగతి గది కనిపించింది. నిజాంసాగరు కాలువ వెంట క్యాంపుల నుంచి వచ్చే పిల్లలు 'వచ్చాడు' అనేవారు, ఊళ్ళ నుంచి వచ్చేవారు 'వచ్చిండు' అనేవారు. క్యాంపు పిల్లవాడిని ఊరి పిల్లల బెంచీలో కూర్చోబెట్టితే దీపావళి లోపలే 'వచ్చిండు' లోకి దిగేవాడు. ముప్పై ఏళ్ళు ఆ ప్రయోగం చేశాను, పత్రం రాయాలని తోచలేదు.

క్యాంపులన్నాను గనుక మా ప్రాంతపు జాలం ఎలా అల్లుకున్నదో చెప్పాలి. మొదట రైలు. ఇరవయ్యో శతాబ్ది వస్తూండగానే హైదరాబాదు నుంచి మన్మాడుకు గోదావరి లోయ మీదుగా మీటరుగేజి పట్టాలు పడ్డాయి. ఇందూరు నిజామాబాదు అయింది. తరవాత నీరు. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీర మీద నిజాంసాగరు కట్టారు. దాని ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. 2,75,000 ఎకరాలకు నీరందించాలని లెక్క. తడి చూడని నేలకు కాలువ రాగానే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి కాలువ గట్ల వెంట క్యాంపులు కట్టుకున్నారు. ఆపైన 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించారు. ఆ పేటకు షక్కర్‌నగరు అని పేరు. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారంగా దాన్ని చెప్పుకునేవారు. జానకంపేట నుంచి బోధన్‌కు ఒక రైలు కొమ్మ పోయి అక్కడితో ఆగిపోతుంది. దానికవతల లంకె లేదు.

మావాడు కాగితం మీద ఈ మూడింటినీ గీసి చూపించాడు. కాలువ ఒక చెట్టు. మాను నుంచి కొమ్మ, కొమ్మ నుంచి రెమ్మ. చెట్టులో ఏ రెండు కణుపుల మధ్యనైనా ఒకే దారి. పైన తూము దగ్గర ఎవరైనా అడ్డం వేస్తే చివరి ఆయకట్టువాడికి రెండో దారి లేదు. ఏటా రబీలో తగవులు ఇందుకే. కర్మాగారమో, నక్షత్రం. నడుమ ఒక్క కూడలి, చుట్టూ వేల పొలాలు. ప్రతి పొలానికీ ఒకే లంకె, అది మిల్లుకు.

ఈ ఆకారం ఎవరి తెలివితక్కువతనమూ కాదు. చెరకు స్వభావమే అటువంటిది. వరి కోసి గాదెలో పోసుకోవచ్చు. చెరకు నరికిన గంట నుంచే గడలోని చక్కెర విరిగిపోతూ వస్తుంది. రోజు తిరిగేలోపు గానుగలో పడాలి. అందుకే మిల్లు దగ్గరలో ఉండాలి, ఒక మిల్లుకు ఇంత ప్రాంతమని కేటాయించాలి, ఎవరు ఏ రోజు నరకాలో కటింగు ఆర్డరు రావాలి. నక్షత్రమంత పొదుపైన జాలం మరొకటి లేదు. ఏ పొలం నుంచి ఏ పొలానికైనా రెండే అడుగులు. క్రషింగు రోజుల్లో తెల్లవారుజామున బళ్ళూ ట్రాక్టర్లూ బారులు తీరేవి. ఊరంతా పాకం వాసన. పిల్లలు బండి వెనుక గడ లాగి తింటూ బడికి వచ్చేవారు, ఆలస్యమైందని నేను కోప్పడేవాడిని.

మరి 2000 సంవత్సరంలో ఆల్బర్ట్, జియాంగ్, బరాబాషీ ముగ్గురూ ప్రకటించిన ఫలితం ఇది. కూడలులున్న జాలంలో ఏవో కొన్ని కణుపులు యాదృచ్ఛికంగా పోతే దానికి ఏమీ కాదు. అటువంటి దెబ్బలకు అది మహా గట్టిది. కాని ఏరి కూడలులను తీసేస్తే ముక్కలు ముక్కలవుతుంది. మా నక్షత్రానికి అన్వయించి చూడండి. ఒక రైతు చెరకు మానేస్తే, పదిమంది మానేస్తే, మిల్లుకు తెలియను కూడా తెలియదు. మిల్లు ఒక్కటి ఆగితే ప్రతి పొలమూ ఒంటరిది.

2002లో కర్మాగారంలో 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది, 49 శాతం ప్రభుత్వానికి మిగిలింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లు మూడూ మూతపడ్డాయి. ఆ ఏడాది నిలబడ్డ చెరకు ఏమి కావాలి? కొందరు దూరాభారమైనా కామారెడ్డి వైపు మిల్లులకు తోలారు. చాలామంది తోట దున్నేసి వరికి మళ్ళారు. మావాడి నాయన నాలుగెకరాల కార్శి తోటను దున్నించిన నాడు ఇంట్లో పొయ్యి వెలగలేదట. వాడప్పుడు హైదరాబాదులో ఎం.ఎస్సీ. చదువుతున్నాడు. ఆ సంగతి వాడు నాకు చెప్పడం ఇదే మొదలు. జాలశాస్త్రం వైపు ఎందుకు పోయాడో నేను అడగలేదు.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఏటేటా తొమ్మిది, పది తరగతులవారికి 'మన చక్కెర కర్మాగారం' అని వ్యాసం రాయించేవాడిని. "ఆసియాలోకెల్లా పెద్దది" అన్న వాక్యం లేకపోతే రెండు మార్కులు తగ్గించేవాడిని. 2002 తరవాతా అదే వ్యాసం, అదే వాక్యం. మిల్లు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఒక్క ఏడాదైనా ఇవ్వలేదు. మావాడు కూడా ఆ వ్యాసం రాసినవాడే. "మీరు ఇరవైకి పద్దెనిమిది ఇచ్చిన్రు సార్" అని నవ్వాడు.

ఈ లెక్కంతా విని నేను ఉత్సాహపడ్డాను. "అయితే ఇది జాలధర్మమన్నమాట, ఎప్పటికైనా కూలవలసిందే" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "లేదు సార్. కూడలి పోతే ఏమైతదో మా లెక్క చెప్తది. కూడలి ఎందుకు పోయిందో చెప్పదు. దానికి బాలెన్సు షీట్లు చదవాలె, జీవోలు చదవాలె. అది మీ చరిత్రకారుల పని. లెక్క పేరు చెప్పి మనుషులు చేసినదాన్ని కప్పొద్దు" అన్నాడు. జాలానికి మాయ అన్న అర్థం తగులుతుందని ముందు అన్నది ఇందుకే. సూత్రం దొరికితే చాలు, మనుషుల చేతులు కనిపించకుండా పోతాయి. నాకు కొంచెం సిగ్గు వేసింది. పదో తరగతిలో కర్త కర్మ క్రియ చెప్పినవాడిని నేను, కర్త లేని వాక్యం పట్టుకు ఊగాను.

వాడు ఒప్పుకున్నది మరొకటుంది. 2010లో బుల్డిరెవ్, హావ్లిన్ మొదలైనవారు ఒకదానిమీద ఒకటి ఆధారపడిన జాలాల గురించి రాశారు. 2003 సెప్టెంబరులో ఇటలీ చీకటైన సంఘటన వారికి ఉదాహరణ. కరెంటు పోతే దాన్ని నడిపే కంప్యూటర్లు ఆగాయి, అవి ఆగితే మరింత కరెంటు పోయింది. రెండు జాలాలు విడివిడిగా గట్టివైనా కలిసినప్పుడు బలహీనం కావచ్చును. బోధన్‌లోనూ ఒక్క జాలం కాదు కదా ఉన్నది! ఎగువన సింగూరు కట్టాక మంజీర నీటిలో వాటా హైదరాబాదు దాహానికి పోయింది. చెరకు ఏడాది పొడుగునా నీరు తాగే పైరు. కాలువ తగ్గినచోట బోరు, బోరుకు కరెంటు, ఈ ఖర్చులకు అప్పు, అప్పుకు హామీ మిల్లుతో ఒప్పందం. నీరు, కరెంటు, అప్పు, చెరకు, నాలుగు జాలాలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

లంకె తక్కువై బతికిన సందర్భాలూ కద్దు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు రాష్ట్రాలు చీకటిలో మునిగాయి. దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేదు. మనకు ఏమీ కాలేదు, ఎందుకంటే దక్షిణాది గ్రిడ్డు అప్పటికి వారితో ఒకే లయలో కలపబడలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో కలిసింది. ఆ కలయికతో కొరత రోజుల్లో పొరుగు నుంచి కరెంటు తెచ్చుకోవడం సులువైంది. ఎంత కలవాలి, ఎక్కడ విడివడి ఉండాలి అన్నదే వాడి పరిశోధనలో అసలు చిక్కట.

ఇక బోధన సంగతి. అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ వంటిచోట్ల జాలశాస్త్రం పేరుతోనే డాక్టరేటు ఇస్తున్నారు. మనదేశంలో ఎక్కువగా భౌతికశాస్త్రం, కంప్యూటర్ల విభాగాల నీడనే పెరిగింది. కలకత్తా, చెన్నైలోని గణితవిజ్ఞాన సంస్థ, ఢిల్లీ జె.ఎన్.యూ., ఖరగ్‌పూర్ పేర్లు మావాడి నోట తరచు వినిపించాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 2011 నుంచి 2015 దాకా ఉపాధ్యక్షులుగా ఉన్న రామకృష్ణ రామస్వామి ఈ సంక్లిష్ట గతుల శాస్త్రంలోనే పనిచేసినవారు. ఖరగ్‌పూర్‌లో అనిమేష్ ముఖర్జీ, మోనోజిత్ చౌధురి మొదలైనవారు 317 భాషల హల్లులను జాలంగా అల్లి చూశారన్నది విని నాకు ప్రాణం లేచివచ్చింది. ఏ హల్లు ఏ భాషలో ఉంటే ఆ రెంటికీ లంకె. అక్కడా ఉన్నమ్మకే పెట్టె! చాలా భాషల్లో ఉన్న హల్లులే మరిన్ని భాషల్లో ఉంటాయి. 2001లో సోలే, ఫెర్రర్ ఇద్దరూ ఇంగ్లీషు వాక్యాల్లో పక్కపక్కన వచ్చే మాటలను కలిపితే, ఏ మాట నుంచి ఏ మాటకైనా సగటున మూడడుగుల లోపే దూరమని చూపారు. మా నిఘంటువుల్లో నేను ఆడి చూశాను. చెరకు నుంచి చెరకువిలుకాడు, ఆయనే మన్మథుడు, ఆయనను కాల్చినవాడు శివుడు. గానుగ నుంచి కైలాసానికి మూడడుగులు!

ఈ పాఠాలు తెలుగులో లేవు. ఐఐటీలవారి పాఠాలు అంతర్జాలంలో ఉచితంగానే ఉన్నాయి, కాని ఇంగ్లీషులో. ఈ నేల మీద సొంత భాషలో ఉన్నత విద్య అసాధ్యమనడానికి వీల్లేదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో మొదలైంది, దానికి ఒక ఏడాది ముందే అనువాద సంస్థ పెట్టి పుస్తకాలు, పారిభాషిక పదాలు సిద్ధం చేయించారు. అప్పుడు తెలుగు పిల్లలకు అది మరో పరాయి భాష అయిందన్న మాటా నిజమే. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి, 1968లో తెలుగు అకాడమీ పుట్టింది ఆ లోటు పూడ్చడానికే. డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నది. బోధన్ పిల్లవాడికి బస్సు దూరం.

ఉపన్యాసానికి నేనూ వెళ్ళాను, వెనక వరుసలో కూర్చున్నాను. చెరకు గడ ఒకటి బల్ల మీద పెట్టి మొదలుపెట్టాడు. 'కణుపు' అనగానే సగం తలకాయలు పైకి లేచాయి. మధ్యలో రెండుసార్లు తడబడి ఇంగ్లీషులోకి జారాడు, మళ్ళీ తేరుకున్నాడు. చివర ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మిల్లు మళ్ళ తెరుస్తరని అంటున్నరు కద. ఒక్కటే పెద్దది తెరుసుడు మంచిదా, చిన్నయి నాలుగు చోట్ల పెట్టుడు మంచిదా?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. చిన్న మిల్లులో ఖర్చు ఎక్కువ పడుతుంది, పెద్దది ఆగితే అందరూ ఆగుతారు, రెండూ తూచాలి, దానికి ఏ ఊళ్ళో ఇప్పుడు ఎంత చెరకుందో, నీరెంతో, దారి ఎంతో కావాలి అన్నాడు. కావాలంటే మీరే ఊరూరా రాసుకురండి, లెక్క మనమందరం కలిసి వేద్దాం అన్నాడు. వారం తిరక్కుండానే ఆ అమ్మాయి మరో ఆరుగురితో కలిసి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. మొన్న ఆదివారం మా ఇంటికి తెచ్చి చూపించారు. నలభై మూడు ఊళ్ళ పేర్లున్నాయి. నేను పనిచేసిన ఊరు అందులో లేదు. నాకు తెలిసిన రైతుల పేర్లు ఎనిమిది చెప్పి, ఎర్ర సిరాతో రాయించాను. చెరకు వేసేవారు వారిలో ఇద్దరే మిగిలారు.